ఎదర చక్రంలో ఫోమ్

నవంబర్ 3

ఆ గట్టు మీద రాళ్ళు పోసింది నువ్వే. లారీ బుల్లిరాజుది కావచ్చు, దింపిన కూలీలు ఎవరైనా కావచ్చు. చూసి, "మనకెందుకులే" అనుకుని పక్కనుంచి వెళ్ళిపోయావు చూడు, అప్పుడు పోశావు నువ్వు. ఇప్పుడు ఏమీ ఎరగనట్టు కూర్చుని చదువుతున్నావు. సిగ్గుండాలి.

ఏలూరు హైస్కూల్లో బోర్డు మీదా, బయట కరపత్రాల్లోనూ ఏళ్ళ తరబడి రాసిన చెయ్యి ఇది. డైరీ కూడా పాఠకుణ్ణి తిట్టందే మొదలవదు. ఈ పుస్తకానికి పాఠకుణ్ణి నేనొక్కణ్ణేనని గుర్తుపెట్టుకోవాలి.

అర్జీకి ముసాయిదా ఇక్కడే రాసుకుంటాను, వేడి తగ్గకముందే.

తూడులంక కొల్లేటి మధ్య ఊరు. అక్కడి ప్రాథమిక పాఠశాలకు ఉన్న ఒకే ఒక్క టీచరు నా భార్య రేష్మా. ఏలూరు నుంచి బస్సులో సుందరమ్మ గారి టీకొట్టు దాకా వెళ్తుంది. అక్కణ్ణుంచి చేపల చెరువుల మధ్య గట్టు. మొన్నటి దాకా ఆటోలు పోయిన గట్టు. అటూ ఇటూ చెరువులు బుల్లిరాజు లీజుకు తీసుకున్నాడు. తన చేపల పక్కనుంచి మనుషులు తిరగడం అతనికి ఇష్టం లేదు. గట్టు మొదట్లో ఇనప స్తంభాలు పాతించి, సైకిలు దూరేంత సందు వదిలాడు. ఇప్పుడు కూలగొట్టిన తూము తాలూకు కాంక్రీటు పెచ్చులు తెచ్చి పొడుగునా పరిపించాడు. "గట్టు బలపరుస్తున్నానండీ" అట. ఎవరి గట్టు? ఎవరికి బలం?

రేష్మాది లావు టైర్ల గేర్ల సైకిలు. సుందరమ్మ గారి పాకలో ఉంటుంది. కొండలెక్కడానికి చేసిన సైకిలది. కొండన్నదే కనపడని ఈ నేల మీద ఒక టీచరు బడికి వెళ్ళడానికి అది కావలసి వచ్చింది. ట్యూబు లేని టైర్లు. లోపల పాలలాంటి సీలెంట్ పోస్తే ముల్లు దిగినా దానంతటదే పూడిపోతుంది. కాంక్రీటు పెచ్చు ముల్లు కాదు కదా. గాలి తగ్గిస్తే తప్ప ఆ రాళ్ళ మీద సైకిలు నిలవదు. తగ్గిస్తే టైరు అణిగి, రిమ్ము వెళ్ళి రాయికి కొట్టుకుంటుంది. ఇవాళ అదే జరిగింది. వెనక రిమ్ము సొట్ట. గాలి మొత్తం పోయింది. తోసుకుంటూ వెళ్ళేసరికి పిల్లలు బడి అరుగు మీద కూర్చుని ఉన్నారట.

ఇలా నాలుగుసార్లు ఆలస్యమైతే "చేరుకోలేని బడి" అని పేరు పెట్టి పక్క లంకలోని బడిలో కలిపేస్తారు. పక్క లంకకి దారి లేదు. పడవ. ఒకటో తరగతి పిల్లలు పడవలో.

నవంబర్ 5

మండలాఫీసులో అర్జీ ఇచ్చాను. అందినట్టు సంతకం పెట్టమంటే గుమస్తా పెన్ను లేదన్నాడు. నా పెన్ను ఇచ్చాను. సంతకం పెట్టాడు. పెన్ను తిరిగివ్వలేదు.

నవంబర్ 9

తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఖలీద్ రేష్మా తమ్ముడు, పరుపులూ సోఫా సీట్లూ కుడతాడు. టైరు లోపల ఫోమ్ చుట్ట పెడితే రిమ్ము దెబ్బతినదనీ, గాలి పోయినా ఆ ఫోమ్ మీదే ఇంటికి రావచ్చనీ రేష్మా ఫోన్లో చూసింది. విదేశాల్లో చేసినవి అమ్ముతారు. ఆ ధర చూసి ఫోన్ పక్కన పెట్టేసింది.

"ఫోమ్ సంగతి నాకొదిలెయ్ అక్కా. గూడెంలో సగం మంది నా ఫోమ్ మీదే పడుకుంటున్నారు" అన్నాడు ఖలీద్.

నాకు ఒళ్ళు మండింది. రాయి వేసినవాణ్ణి వదిలేసి చక్రానికి పరుపు కుట్టించడమేమిటి? ఈ దేశంలో ప్రతి అన్యాయానికీ ఇదే మందు. నీళ్ళు బాగోలేవంటే ఫిల్టరు కొనుక్కో. బస్సులో ఇబ్బంది పెడుతున్నారంటే పిన్నీసు పెట్టుకుని వెళ్ళు. దారిలో రాళ్ళున్నాయంటే చక్రంలో మెత్త పెట్టుకో. దెబ్బ తినేవాళ్ళే ఎప్పుడూ మెత్తబడాలి. ఖలీద్ కొట్లో నిలబడి ఇదంతా చెప్పాను. సోఫా కుట్టించుకోవడానికి వచ్చినాయన కూడా తల ఊపాడు.

"అయిపోయిందాండీ?" అంది రేష్మా. "రాళ్ళు తీయించండి, వద్దన్నానా? తీసేదాకా నేను బడికి వెళ్ళాలా వద్దా?"

ఖలీద్ అప్పటికే కత్తిరించడం మొదలుపెట్టేశాడు.

నవంబర్ 11

పరుపు ఫోమ్ సీలెంట్ మొత్తం తాగేసింది. సుందరమ్మ గారి అరుగు మీద టైరు విప్పి చూస్తే టీలో ముంచిన బన్నులా ఉంది. పూడ్చడానికి చుక్క మిగల్లేదు. ఖలీద్‌కి ఫోన్ చేశాను.

"మెత్తగా ఉంటే చాలనుకున్నాను బావా. పరుపైతే ఎవరూ అందులో పాలు పొయ్యరు కదా" అన్నాడు.

నవంబర్ 16

ఈసారి ఖలీద్ తనే ఏలూరు వచ్చాడు. కట్టడాల్లో కాంక్రీటు పలకల మధ్య సందుల్లో కూరే ఫోమ్ తాడట. బూడిదరంగు, బొటనవేలు కన్నా లావు. బకెట్లో ముంచి తీసి, చొక్కాతో ఒక్కసారి తుడిచి, నా చేతిలో పెట్టాడు. పొడిగా ఉంది.

"ఇది చుక్క నీళ్ళు తాగదు బావా. కొల్లేట్లో ఏడాది పడేసినా పొడిగానే వస్తుంది. ఇంక నన్ను తిట్టకు."

ముగ్గురం బస్సెక్కి సుందరమ్మ గారి పాక దగ్గరికి వెళ్ళాం. తాడుని చక్రం కొలతకి చుట్ట చేసి అతికించాం. దాన్ని టైరులోకి దూర్చి, టైరుని మళ్ళీ రిమ్ములోకి ఎక్కించడం మనుషులు చేసే పని కాదు. ఒక పక్క ఎక్కిస్తే ఇంకో పక్క ఊడి వస్తుంది. సబ్బునీళ్ళు పూశాం. రేష్మా టైరు మీద మోకాళ్ళు మోపి కూర్చుంది. నేను గోళ్ళు ఊడేలా నొక్కాను. రెండు చక్రాలూ అయ్యేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. సుందరమ్మ గారు చేపల పులుసు పెట్టారు.

రేష్మా టైరుని బొటనవేలితో నొక్కి చూసి గాలి కొంచెం వదిలింది. "ఇప్పుడు ఇంత తక్కువ గాలితో వెళ్ళొచ్చండీ. లోపల అదుంది కదా" అంది. రాళ్ళ మీద కాస్త దూరం వెళ్ళొచ్చి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కోపం ఎందుకొచ్చిందో.

నవంబర్ 21

ఇవాళ ఇనప చువ్వ ఒకటి వెనక టైరుని చీల్చిందట. సీలెంట్ కారిపోయింది, గాలి పోయింది. దిగలేదట. ఫోమ్ మీదే బడి దాకా తొక్కింది, వేళకి. తేజస్వి అని రెండో తరగతి పిల్ల అందట: "టీచరు గారి సైకిలు చచ్చిపోయినా నడుస్తుంది!" సాయంత్రం రాగానే రేష్మా ఈ మాట రెండుసార్లు చెప్పింది, కాళ్ళు కడుక్కునే ముందు ఒకసారి, తరవాత ఒకసారి.

బాగుంది అన్నాను.

నవంబర్ 25

జవాబొచ్చింది. ఒక్క వాక్యం ఎత్తి రాసుకుంటున్నాను, చచ్చేదాకా గుర్తుండాలని:

"సదరు మార్గమున ఉపాధ్యాయురాలు ప్రతిదినము ద్విచక్రవాహనముపై సకాలములో పాఠశాలకు చేరుచున్నందున, మార్గము ఉపయోగయోగ్యముగా ఉన్నట్లు భావించడమైనది."

చూశావా? చెప్పానా లేదా? ఆవిడ వెళ్ళగలుగుతోంది కాబట్టి దారి బాగుంది. ఆవిడ ఓర్పే వాళ్ళకి సాక్ష్యం. ఫోమ్ మా వైపు నిలబడిందనుకున్నాం. బుల్లిరాజు తరఫున వాదించి గెలిచింది.

టీకొట్టు దగ్గర బుల్లిరాజు ఎదురయ్యాడు. తెల్ల చొక్కా, చేతులు కట్టుకుని ఎంత వినయం!

"ఏవండీ మేష్టారూ, బాగున్నారాండీ? మేడమ్ గారు ఝామ్మని వెళ్ళిపోతున్నారండీ. మా కుర్రాళ్ళు కూడా మెచ్చుకుంటున్నారు."

"రాళ్ళు ఎప్పుడు తీస్తున్నారు?"

"అయ్యో, రాళ్ళేంటండీ! గట్టు జారిపోతే మీ లంకోళ్ళకే కదండీ ఇబ్బంది. మీరు చదువుకున్నోళ్ళు, మీకు నేను చెప్పాలాండీ? టీ తాగండి, నేనిస్తాను."

తాగలేదు. నా టీకి నేనే ఇచ్చుకుంటానని, అసలు టీ తాగకుండానే వచ్చేశాను.

నవంబర్ 28

మళ్ళీ అర్జీ పెట్టాను, ఈసారి పైవాళ్ళకి. అధికారి స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

రేష్మాతో అన్నాను: "ఆ రోజు ఒక్కరోజు ఫోమ్ తీసేద్దాం. అతని కళ్ళ ముందు ఆగిపో. దిగి తోసుకుంటూ వెళ్ళు. అంతే."

"ఎందుకండీ?"

"నువ్వు ఆగితేనే రాయి కనపడుతుంది వాళ్ళకి."

పప్పు గుత్తి పక్కన పెట్టింది. "నేను ఆగితే వాళ్ళకి రాయి కనపడదండీ. ఆగిపోయిన టీచరు కనపడుతుంది. ఆలస్యం అని రాస్తారు. బడి ఎత్తెయ్యడానికి వాళ్ళకి అంతకంటే ఏం కావాలి?"

"దానికి నేను జవాబు రాస్తాను."

"మీరు రాస్తారు. పిల్లలు పడవెక్కుతారు."

ఇది పిరికితనమని అన్నాను. పోరాటం అంటే తెలియదన్నాను. సర్దుకుపోవడం వ్యసనం అయిపోయిందన్నాను. ఇవన్నీ నిజాలే, ఏదీ వెనక్కి తీసుకోను.

"నేను మీ అర్జీకి జతచేసే కాగితాన్ని కాదండీ" అని పప్పు ఎనుపుకోవడం మొదలుపెట్టింది.

మాట బాగుంది. వ్యాసంలో వాడుకోవచ్చు.

నవంబర్ 29

తనిఖీ మంగళవారం పొద్దున్న. బడి వేళకి గట్టు మీద ఉంటాడట.

నవంబర్ 30

మొన్న చీలిన వెనక టైరుకి అతుకు వేశాం కానీ సీలెంట్ నింపలేదు. ఎలాగూ పోస్తున్నప్పుడు ఎదరదానికీ పోస్తే మంచిది. రేష్మాకి పిల్లల నోట్సు దిద్దే పని. నేనొక్కణ్ణే వెళ్ళాను.

వెనకది వాల్వ్ లోంచి పోసేశాను. ఎదర చక్రం విప్పాను. ఎదరది తేలిక, చైను గొడవ ఉండదు. ఫోమ్ తీసి చూశాను. సీలెంట్ అంటుకుని కాస్త తడిగా ఉంది. కడిగి సుందరమ్మ గారి పాక వెనక బట్టల తీగ మీద వేశాను. టైరు మళ్ళీ ఎక్కించాను. ఫోమ్ లేకపోతే ఎంత సులువుగా ఎక్కిందో!

సుందరమ్మ గారు గ్లాసులు కడుగుతూ చూస్తున్నారు.

"ఆ తాడు మళ్ళీ పెట్టలేదేంటండీ మేష్టారూ?"

"ఆరాలండీ."

"మళ్ళీ ఎప్పుడొస్తారండీ?"

"వస్తానండీ. ఆరనివ్వండి."

"ఆయ్, అలాగేనండీ" అన్నారు. తీగ వైపు ఒకసారి చూసి, చీర ఒకటి పక్కకి జరిపారు.

డిసెంబర్ 1

రేష్మా అడిగింది, సీలెంట్ పోశారా అని. పోశానన్నాను. రెండింటికీనా అంది. రెండింటికీ అన్నాను. అది నిజం.

ఫోమ్ ఆరుతోంది. ఇవాళ అది లేకుండానే బడికి వెళ్ళొచ్చింది, ఏమీ కాలేదు.

ఎక్కువలో ఎక్కువ ఏమవుతుంది? గాలి పోతుంది. దిగుతుంది. అధికారి చూస్తాడు. రాళ్ళు పోతాయి. బడి ఉంటుంది. సంవత్సరాల తరబడి ఆవిడే థాంక్స్ చెబుతుంది.

డిసెంబర్ 2

రేష్మా పడింది. కుడి మణికట్టు.

డిసెంబర్ 4

ఎవరెవరు బాధ్యులో వరసగా రాస్తాను. ఒక్కణ్ణి వదలను.

బుల్లిరాజు. ఆ రాళ్ళు పోసినందుకు. పోసి, ఆ రాళ్ళ పక్కనే అధికారికి కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చినందుకు.

అధికారి. ఇన్నాళ్ళూ రానందుకు. వచ్చి, మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని, "వాసనండీ" అన్నందుకు. మనుషులుండే చోటు వాసన వస్తుంది.

ఆ దారిన ఆటోలు తిప్పి, స్తంభాలు పాతగానే నోరెత్తకుండా పక్క దారి చూసుకున్న డ్రైవర్లు.

రేష్మా ఎప్పటిలాగే వచ్చింది. ఎప్పటిలాగే స్తంభాల మధ్య సందులోంచి దూరింది. పొద్దున్నే టైరుని బొటనవేలితో నొక్కి చూసుకుందట, ఎప్పటిలాగే గాలి తక్కువగా ఉంచుకుంది. లోపల అదుంది కదా. ఉందనుకుంది కదా. రాళ్ళ మీద వేగం తగ్గించలేదు, అక్కడ తగ్గిస్తే సైకిలు ఒరిగిపోతుంది. పెద్ద పెచ్చు ఒకటి. ఎదర టైరు అణిగి, రిమ్ముని వదిలేసి పక్కకి వచ్చేసింది. చక్రం అడ్డం తిరిగింది. రేష్మా హ్యాండిల్ మీదుగా ఎగిరి రాళ్ళ మీద పడింది.

ఆగిపోవాలి కదా. గాలి పోయి ఆగిపోవాలి. వెనక టైరు గాలి పోయినప్పుడు పడలేదు.

నేను పరిగెత్తాను. ఆ రాళ్ళ మీద నా కాలు పెట్టడం అదే మొదటిసారి. చెప్పు తెగింది. వెనకనుంచి అధికారి గొంతు: "మీరు రాసింది నిజమేనండీ మేష్టారూ. దారి ప్రమాదకరమే." ఎన్ని రోజులు ఎదురుచూశానో ఆ మాట కోసం. రేష్మా చెయ్యి పట్టుకోబోతే వద్దని తల ఊపింది. టైరు వైపు చూస్తోంది. టైరు నోరు తెరుచుకుని ఉంది. లోపల ఏమీ లేదు.

రాళ్ళు లేకపోతే ఏ టైరైనా ఒకటే. రాళ్ళ వల్లే పడింది. రాళ్ళు పోసింది బుల్లిరాజు.

డిసెంబర్ 5

ఫోమ్ గురించి అడుగుతుందేమోనని చూస్తున్నాను. అడగడం లేదు. అన్నం ఎడమచేత్తో స్పూనుతో తింటోంది. కలిపి పెట్టనా అంటే వద్దంది.

డిసెంబర్ 6

ఉత్తర్వు.

"సదరు మార్గము ప్రమాదకరమని ప్రత్యక్ష తనిఖీలో నిర్ధారణ అయినందున, విద్యార్థుల మరియు సిబ్బంది భద్రత దృష్ట్యా, తూడులంక పాఠశాలను సమీప పాఠశాలకు తరలించుటకు ప్రతిపాదించడమైనది. అభ్యంతరములున్న యెడల వారము దినములలో తెలుపవలెను."

రాళ్ళు తీస్తామని ఒక్క ముక్క లేదు. దారి బాగుందంటే రాళ్ళు తీయక్కర్లేదు. దారి బాగోలేదంటే బడి తీసేస్తారు. ఎటు తిప్పినా రాళ్ళు మాత్రం క్షేమం! దీని మీద రాస్తాను. ఇంత పచ్చిగా, ఇంత సిగ్గులేకుండా...

బుల్లిరాజు ఫోన్ చేశాడు. "మేడమ్ గారికి ఎలా ఉందండీ? పోన్లెండి, మీరు కోరినట్టే ప్రమాదకరం అని రాశారు కదండీ." వెక్కిరింపో సానుభూతో తెలియలేదు. అతని గొంతులో రెండూ ఒకేలా ఉంటాయి.

డిసెంబర్ 7

సుందరమ్మ గారు రేష్మాని చూడడానికి వచ్చారు. సంచీలో అరటిపళ్ళు తీసి బల్ల మీద పెట్టారు. వాటి కిందనుంచి బూడిదరంగు చుట్ట తీశారు.

"ఇదిగోండి మేష్టారూ, ఆరిపోయిందండీ. వారం నుంచీ తీగ మీదే ఉంది. మీరొస్తారని ముట్టుకోలేదు. మధ్యలో వాన జల్లు పడిందండీ, తడిసిందేమోనని చూస్తే చిత్రం, తుడిస్తే పొడిగానే ఉంది."

రేష్మా ఎడమచెయ్యి చాపింది. సుందరమ్మ గారు ఇచ్చారు. కాసేపు వేళ్ళతో నొక్కి చూసింది, పొద్దున్నే టైరు నొక్కి చూసుకునేలాగే.

"ఇది నీళ్ళు తాగదు కదండీ" అంది. సుందరమ్మ గారితో కాదు.

సుందరమ్మ గారు మా ఇద్దర్నీ చూశారు. బస్సు ఉందండీ అని లేచారు. నేను బస్టాండు దాకా వస్తానన్నాను. వద్దండీ అన్నారు.

వాదన నా దగ్గర ఉంది. ఒక్కరోజు కోసం, బడి కోసం, పిల్లల కోసం. ఎదర టైరు మనిషిని పడేస్తుందని నాకు తెలియదు. ఎదరది విప్పడం తేలికని తీశాను, అంతే. మొదలుపెట్టాను కూడా. "చూడు రేష్మా, అసలు ప్రశ్న ఏమిటంటే" అన్నాను.

"పెన్ను తీసుకోండి" అంది.

"ఎందుకు?"

"అర్జీ ఉంది. నా చెయ్యి పనిచెయ్యదు కదా, మీరే రాయాలి. మీకు అలవాటేగా."

"ఎవరికి?"

"మీకేనండీ."

చేతికి ఈ డైరీయే దొరికింది. ఆవిడ చెబుతోంది, రాస్తున్నాను. ఒకచోట మాట మెరుగుపెట్టబోతే "నేనన్నది అది కాదు, కొట్టెయ్యండి" అంది. కొట్టేశాను.

1. ఎదర చక్రంలో ఫోమ్ రేపు పొద్దున్నే పెట్టాలి. నేను చూస్తుండగా.

2. బడి తరలించొద్దని అభ్యంతరం రాయాలి. నేనెందుకు పడ్డానో అందులో ఉండాలి. రాళ్ళ సంగతి రాయాలి. ఫోమ్ ఎవరు తీశారో అదీ రాయాలి. కింద మీ సంతకం.

3. రాళ్ళు తీసేదాకా అర్జీలు ఆపకూడదు. నన్ను అడక్కుండా వాటిలో నా పేరు రాయకూడదు.

4. రేపటినుంచి నేను నడిచి బడికి వెళ్తాను. మీరు సెలవు పెట్టి నాతో రావాలి. బోర్డు మీద నేను చెప్పింది రాయాలి. మీ సొంత వాక్యాలు వద్దు.

5. పుస్తకాల సంచీ సైకిలు మీద మీరు తేవాలి. రాళ్ళ దగ్గర దిగకూడదు.

6. సుందరమ్మ గారికి ఎందుకు అబద్ధం చెప్పారో ఆవిడకి చెప్పాలి.

7. ఏదైనా ఆరుతోందని నాతో మళ్ళీ అనకూడదు.